ఏసీ ఉండగా ఫ్యాన్ ఎందుకు?

“పద్దెనిమిది మీద పెట్టిన్రు, నా వేళ్లు కొంకర్లు పోతున్నయ్! గుండీ కనవడ్తలేదు, కాజా కనవడ్తలేదు. బంద్ చెయ్యున్రి!”

“బంద్ చేస్తే నేను ఈడ ఉడికిపోత. జర నా కుర్చీల కూసో, తెలుస్తది. అద్దంలకెల్లి ఎండ సక్కగ నెత్తి మీదికొస్తుంది.”

“నీ కుర్చీల నేనెందుకు కూసోవాలె? నా మిషిన్ ఈడుంది.”

“నా మిషిన్ ఈడుంది మరి. నేనేం జెయ్యాలె? అక్కా, ఆ రిమోట్ ఇటియ్యి. ఇంకో రెండు తగ్గిస్త.”

“ఇయ్యకక్కా! ఇస్తే నా మీద ఒట్టే!”

రిమోట్ నా బొడ్లో దోపి ఉంది. ఇద్దరూ నా నడుము వైపే చూస్తున్నారు. చలి అంటున్నది కాజాలు కొట్టే ఆమె. భుజాల మీద శాలువా, చెవుల్లో దూది. ఎండ అంటున్నది కాలర్లు కుట్టే ఆమె. జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది. ఇద్దరూ ఒకే హాల్లో, ఒకే ఏసీ కింద ఉన్నారు. ఒకరిని చూస్తే పుష్య మాసం, ఇంకొకరిని చూస్తే రోహిణి కార్తె. నేను రిమోట్ ఎవరికీ ఇవ్వలేదు. “నోళ్లు ఆగుతయా, నన్ను లేవమంటరా?” అన్నాను. నోళ్లు ఆగాయి గానీ చూపులు ఆగలేదు.

ఇది ఉప్పల్లో మేం బడిపిల్లల యూనిఫాంలు కుట్టే హాల్లో ఒక వేసవి మధ్యాహ్నం జరిగిన సంగతి. నేను అక్కడ చెకింగ్ బల్ల దగ్గర పెద్దదాన్ని. కుట్టిన ప్రతి చొక్కా చివరికి నా చేతిలోకి రావలసిందే. దారాలు కత్తిరించి, కుట్టు చూసి, బాగుంటే ముందుకు పంపడం, లేకపోతే వెనక్కి కొట్టడం నా పని. వెనక్కి కొట్టేదే ఎక్కువని నన్ను తిట్టుకునేవాళ్లు. తిట్టుకోనీ. జూన్‌లో బడి తెరిచిన రోజే చంక కింద కుట్టు ఊడిన చొక్కా వేసుకొని వెళ్లే పిల్లవాడు నన్ను తిట్టుకోకుండా ఉంటే నాకు చాలు.

ఇప్పుడు పని మానేశాను. పీర్జాదిగూడలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. మొన్న మనవరాలు ఆఫీసు నుంచి వచ్చి, “నానమ్మా, మా ఆఫీసుల చలికి కోటు ఏసుకొని కూసుంటం” అంది. అదీ మే నెలలో. బయట తారు కరుగుతుంటే లోపల కోట్లు. విని నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. ఏసీ కింద కూర్చొని పనిచేసే పిల్లలంతా ఓపిగ్గా వినండి. బడికి నేను పోయింది కొద్దిరోజులే గనుక అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. మాటలో తప్పుంటే మాత్రం నన్ను అడగండి.

ఆ హాలుకు రాకముందు మేమంతా నాచారంలో రేకుల షెడ్డులో పనిచేసేవాళ్లం. గోడలకు పెద్ద పెద్ద ఫ్యాన్లు కొట్టి ఉండేవి. ఎండాకాలం అవి వేడిగాలినే తెచ్చి మా మొహాన కొట్టేవి. అంతకు ముందు ఏడాది వేసవిలో కాలర్లామె అక్కడే మిషన్ మీదికి ఒరిగిపోయింది. మేం నలుగురం పట్టుకొని ఆటోలో వేసి దవాఖానాకు తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్లోనే ఉంది. ఒళ్లు కాలిన పెనంలా ఉంది. బతికింది. కానీ ఇంకోసారి అంత వేడిలో కూర్చుంటే మంచిది కాదని డాక్టరమ్మ నాకూ ఆమెకూ కలిపి చెప్పింది. ఆమె అన్నోజిగూడ నుంచి బస్సులో వచ్చేది. ఇంటి కిరాయి, పిల్లల చదువు ఆ మిషన్ మీదే నడిచేవి. కూర్చోకపోతే ఎట్లా?

ఆ తర్వాతే సేటు ఉప్పల్లో ఈ హాలు తీసుకున్నాడు. ఎవరో కంప్యూటర్ల వాళ్లు ఖాళీ చేసిపోయిన హాలు. ఒక పక్కంతా అద్దమే. తెరుద్దామంటే ఒక్క కిటికీకి గడియ లేదు. ఏసీ లేకపోతే లోపల ఊపిరాడదు. సామాను తీసుకొచ్చే రోజు మా మేనేజరు షెడ్డు గోడల మీది ఫ్యాన్లు చూసి, “ఇంకా ఇవెందుకండీ? ఏసీ ఉండగా ఫ్యాన్ ఎందుకు?” అన్నాడు. ఆయనది కోస్తా. కోపం వచ్చినా అండీ అనే అంటాడు. ఆ మాటకు అందరం తలలూపాం. మా ఇంట్లోనూ అదే చట్టం. కొడుకు ఏసీ వేస్తే నేను లేచి వెళ్లి ఫ్యాన్ ఆపేసి వస్తాను. ఒక పనికి ఇద్దరు కూలీలను పెట్టుకున్నట్టు ఉంటుంది నాకు. కానీ పాత సామాను కొనేవాడు ఆ ఫ్యాన్ల కోసం వస్తే మాత్రం ఇవ్వనివ్వలేదు. గోనెసంచుల్లో చుట్టి షెడ్డు మూలన పెట్టించాను. ఎప్పటికో పనికొస్తాయని లెక్క వేసి కాదు. తిరిగే వస్తువును తూకానికి వేయడానికి నాకు చేతులు రావు, అంతే.

కొత్త హాల్లో మిషన్లు వరసగా వైర్లతో బిగించి ఉన్నాయి. గుడ్డ ఒక చివర మొదలై చేతులు మారుతూ ఇంకో చివరికి వచ్చేసరికి చొక్కా అవుతుంది. అందుకే ఎవరి చోటు వాళ్లదే. కాలర్లు అద్దం పక్కన, కాజాలు ఏసీ కింద. ఏసీ నోరు సరిగ్గా కాజాలామె నెత్తి మీదే తెరుచుకొని ఉంది. చోట్లు మార్చుకుందామంటే వైర్లన్నీ ఊడదీయాలి. అదీ వాళ్ల గొడవకు మూలం.

ఆ మధ్యాహ్నం గొడవ అట్లా సగంలో ఉండగానే మేనేజరు లోపలికి వచ్చాడు. మొహం వేలాడేసుకొని ఉన్నాడు.

“అందరూ ఒక్క నిమిషం మిషన్లు ఆపండమ్మా. కరెంటు బిల్లు చూసి సేటుగారు అగ్గిమీద గుగ్గిలం అవుతున్నారు. ఇట్లా అయితే ఈ ఆర్డరే దండగ అంటున్నారు. వచ్చే వారం మళ్లీ నాచారం షెడ్డుకే పోదామన్నారు.”

“షెడ్డే నయం. ఆడ సలి లేదు, గిలి లేదు,” అంది కాజాలామె ఊరుకోలేక. అని, కాలర్లామె మొహం చూసింది. చూసి శాలువా సర్దుకొని తల దించుకుంది.

కాలర్లామె ఒక్క మాట కూడా అనలేదు. చేతిలో ఉన్న కాలర్ తిప్పి, మడిచి, సూది కింద పెట్టి కుట్టుకుపోయింది. అదే నాకు నచ్చలేదు. ఎప్పుడూ నోరు చేసుకునే మనిషి ఊరుకుంటే నాకు భయం.

మర్నాడు సేటు వచ్చినప్పుడు నేనే అడిగాను. “సేటూ, బిల్లు తగ్గితే ఈడనే ఉంటమా?”

“నాకేమన్న షెడ్డు మీద ప్రేమ ఉన్నదా?” అన్నాడు. “తగ్గియ్యున్రి, ఉండున్రి. కని పని తగ్గొద్దు. వచ్చే మంగళారం పగటీలి, ఎండ మండేటప్పుడు నేనే వచ్చి ఈడ కూసుంట. అందరు మంచిగ కుడ్తుంటే సరే. ఒక్కరికి ఉక్కపోసినా ట్రాలీ పిలుస్త, సామాను ఎక్కిస్త. తర్వాత నన్ను అనొద్దు.”

మాట అంటే మాటే ఆయనకు. నాలాంటివాడే. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదు. ఏం చేయాలో మాత్రం తోచలేదు.

అదే సమయానికి ఏసీ నుంచి నీళ్లు కారి, నేను పాస్ చేసిన తెల్లచొక్కాల మీద పడడం మొదలైంది. లాలాపేట నుంచి మెకానిక్‌ను పిలిపించాం. జుట్టు నెరిసిన మనిషి. చాయ్ తాగకుండా పనిలోకి దిగడు, తాగాక ఆగడు. స్టూలు ఎక్కి ఏసీ నోట్లో చేయి పెట్టాడు. మొదట ఒక అట్టముక్క బయటికి వచ్చింది. మేం చొక్కాలు గీసుకునే అట్ట. తర్వాత గళ్ల గుడ్డ పీలికలు. తర్వాత ఇంకో అట్ట. చివరికి ఒక పొడుగాటి స్కూల్ టై బయటికి లాగి పట్టుకున్నాడు.

“ఏందక్కా ఇది? ఏసీకి యూనిఫాం కుట్టిన్రా? బూట్లెక్కడ వెట్టిన్రు?”

హాలంతా కాజాలామె వైపు తిరిగింది.

“ఏం సూస్తున్రు? నెత్తి మీద మంచు వడుతుంటే మూసిన. మూయనా? నాకు జ్వరమొస్తే మీరొచ్చి కాజాలు కొడ్తరా?”

“గందుకేనా నా దిక్కు గాలే వస్తలేదు!” అని లేచింది కాలర్లామె. “నేనేమో ఏసీ పని చేస్తలేదని రోజు మొత్తుకుంటున్న!”

“నువ్వు మొత్తుకుంటవు, అక్క తగ్గిస్తది. తగ్గిస్తే నాకు ఇంక సలి వెడ్తది. సలి వెడితే నేను ఇంకో గుడ్డ కుక్కుత. కుక్కితే నువ్వు మళ్ల మొత్తుకుంటవు...” అంటూ అంటూ తనే ఆగిపోయింది కాజాలామె. ఆగి, పకపకా నవ్వింది. కాలర్లామె నవ్వొద్దనుకుంటూనే నవ్వేసింది. ఇంత పెద్ద బిల్లు ఎట్లా వచ్చిందో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది.

మెకానిక్ చెప్పింది ఇంతే. చల్లగాలి బయటికి పోయే దారి లేక లోపల మంచు గడ్డ కట్టింది. ఆ గడ్డ కరిగి నీళ్లయి కారింది. పద్దెనిమిది చేయమన్నాం గనుక, పద్దెనిమిది ఎన్నటికీ కాదు గనుక, అది రోజంతా ఊపిరి పీల్చుకోకుండా నడిచింది.

“ఇరవై ఏడు మీద వెట్టున్రి. అద్దం మీద ఎండ వడకుంట బయటనే ఆపున్రి. ఆ ఇస్త్రీ బల్ల తలుపు అవతలికి జరుపున్రి. ఏసీ పక్కన పొయ్యి వెట్టుకున్నట్టుంది. ఇగ ఫ్యాన్లు తిప్పున్రి.”

మిగతావన్నీ విన్నాను. చివరి మాట దగ్గర ఆగాను. “ఏసీ ఉండగ ఫ్యాన్ ఎందుకు?”

“అక్కా, చాయ్ ఉడుకుగుంటే ఏం జేస్తవ్?”

“ఊదుకుంట.”

“ఊదితే నోట్లకెల్లి ఐసు వస్తదా?”

“నీ ఎక్కిరింపులు నా తాన వద్దు. సంగతి చెప్పు.”

“గదే సంగతి. ఒంటికి గాలి తాకితే చెమట ఆరుతది, ఒళ్లు సల్లవడ్తది. ఇరవై ఏడుల కూసున్నా ఇంక తక్కువల కూసున్నట్టే ఉంటది. ఏసీ తినే కరెంటు ముంగట ఫ్యాన్ తినేది జర్రంత. కని ఒక్కటి యాద్ వెట్టుకో. ఫ్యాన్ గదిని సల్లగ చెయ్యది, మనిషినే చేస్తది. మనిషి లేస్తే ఫ్యాన్ బంద్ చెయ్యాలె.”

ఆ చివరి మాట మాత్రం నాకు బాగా నచ్చింది. మనిషి లేస్తే బంద్ చేయించడం నేను పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని. మిగతాది పూర్తిగా నమ్మానని చెప్పను. కానీ మంగళవారం దగ్గర పడుతోంది. ఇంకో దారి చెప్పిన మనిషి లేడు.

నాచారం షెడ్డులో గోనెసంచుల్లో చుట్టిన ఫ్యాన్లలో కొన్నిటిని ఆటోలో తెప్పించాం. అద్దం వైపు ఉన్న స్తంభాలకు బిగించాం. ఇస్త్రీ బల్లను తలుపు అవతలి వరండాలోకి మార్చాం. ఎండను ఆపే పని మాత్రం మా చేతిలోదే. మచ్చలు పడి పక్కన పెట్టిన తెల్ల చొక్కాగుడ్డ నా దగ్గర గుట్టగా ఉంది. దాన్ని పారేయమని మేనేజరు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు నేను. తలా ఒక ముక్క అతికి పెద్ద తెర కుట్టాం. కుట్టడం మాకు రాకపోతే ఎవరికి వస్తుంది? అద్దానికి బయట, పై అంతస్తు బాల్కనీ ఇనుప కడ్డీల నుంచి కిందికి దాన్ని వేలాడదీశాం. లోపల వేస్తే ఎండ అప్పటికే లోపలికి వచ్చి కూర్చుంటుందని మెకానిక్ మరీ మరీ చెప్పిపోయాడు.

రోడ్డు మీద పోయేవాళ్లకు అది పెళ్లి షామియానాలా కనిపించింది. కింద చాయ్ అమ్మే ఆయన మా మేనేజరును ఆపి, “ఏం ఫంక్షన్ సార్ పైన?” అని అడిగాడట.

“ఏసీ గారు కోలుకున్నారండీ, అందుకని,” అన్నాడట మేనేజరు. ఆయన జోకు వేయగా వినడం మాకు అదే మొదలు.

మొదటి రోజు ఇరవై ఏడు మీద పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. భోజనాల వేళ దాకా ఎవరూ నోరు విప్పలేదు. భోజనం చేసి వస్తూ ఎవరో ఏసీ మీద వెలిగే అంకె చదివారు. “అమ్మో, ఇరవై ఏడా!” అంతే. హాలంతా కొంగులతో విసురుకోవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పట్టని చెమట అంకె చూడగానే పట్టింది. నేను లేచి, ఒక చొక్కా జేబు గుడ్డ తీసుకొని ఆ అంకె మీద అతికించేశాను. “ఉక్కపోస్తే ఒంటికి పొయ్యాలె, కండ్లకు గాదు. పని జేసుకోన్రి,” అన్నాను. మర్నాటికి ఆ గోల తగ్గింది. ఎండ బాగా మండే వేళ ఒకటి తగ్గించి, చల్లబడ్డాక మళ్లీ పెంచేదాన్ని. కాజాలామె చెవుల్లో దూది తీసేసింది. ఆమె వైపు ఫ్యాన్ పెట్టలేదు, ఆమె అడగలేదు. కాలర్లామె పక్క స్తంభం మీది ఫ్యాన్ కాలర్లామెదే. కావాలంటే తిప్పుకుంటుంది, వద్దంటే ఆపుకుంటుంది. ఏసీ అందరికీ ఒక్కటే అయినా గాలి ఎవరిది వాళ్లదయింది. ఇద్దరూ రిమోట్ కోసం నా బొడ్డు వైపు చూడడం మానేశారు. దాంతోనే నాకు సగం బరువు దిగింది.

ఒక్క చిక్కు మిగిలింది. ఫ్యాన్ తిరిగితే గుడ్డ ఎగురుతుంది. కాలర్ లోపల పెట్టే గట్టి బక్రం ముక్కలు చిన్నవి, తేలిక. గాలి తగిలితే పక్షుల్లా లేచిపోతాయి. షెడ్డులో ఉన్నప్పుడు వాటి మీద బరువుగా అరిగిపోయిన పాత కత్తెరలు పెట్టేవాళ్లం. ఇక్కడ ఆ అలవాటు పోయింది. కాలర్లామె తన టిఫిన్ డబ్బా తెచ్చి వాటి మీద పెట్టుకునేది. పని జరిగిపోయేది.

మంగళవారం వచ్చింది. పొద్దున్నే మేనేజరు హాలంతా ఒకసారి తిరిగి, “సేటుగారు వస్తున్నారు. బల్లల మీద డబ్బాలు, సంచులు ఏవీ కనిపించకూడదండీ. అన్నీ కింద అరల్లో పెట్టేయండి,” అని చెప్పిపోయాడు. శుభ్రం మంచిదే కదా అని నేనూ ఊరుకున్నాను.

బాగా ఎండ మండే వేళకు సేటు వచ్చాడు. అద్దం పక్కనే ఒక స్టూలు వేయించుకొని, కాలర్లామెకు ఎదురుగా కూర్చున్నాడు. ఎక్కడ వేడి ఎక్కువో తెలిసినవాడిలా సరిగ్గా అక్కడే కూర్చున్నాడు. మిషన్లు నడుస్తున్నాయి. మాటలు లేవు. అంత నిశ్శబ్దంగా మేం ఎప్పుడూ కుట్టలేదు.

కొంతసేపటికి ఆయన కాలర్లామెను అడగడం వినిపించింది. “ఎట్లుందమ్మా? మంచిగుందా?”

“మస్తుంది సేటూ. సల్లగుంది.”

నేను చొక్కాలు చూస్తున్నాను. ఒక చొక్కా వచ్చింది. కాలర్ రెండు కొసల్లో ఒకటి పొడుగ్గా ఉంది. పక్కన పెట్టాను. ఇంకోటి వచ్చింది. అదీ వంకరే. ఆ ఆడమనిషి చేతి కాలర్ నేను ఎన్నడూ వెనక్కి కొట్టి ఎరగను. తల ఎత్తి చూశాను. మెడ మీద చెమట కారుతోంది. పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. చేయి నెమ్మదిగా కదులుతోంది, నిద్రలో ఉన్న మనిషి చేయిలా. ఆ చేయి అట్లా కదలడం నేను ఇంతకుముందు చూశాను. నాచారంలో, ఆమె మిషన్ మీదికి ఒరగడానికి కాస్త ముందు.

నోరు విప్పితే షెడ్డు. ఒక్కరికి ఉక్కపోసినా సామాను ఎక్కిస్తానన్నాడు సేటు. షెడ్డుకు పోతే ముందు పని పోయేది ఆమెకే. నోరు విప్పకపోతే ఇక్కడే పడిపోతుంది. ఎక్కువసేపు ఆలోచించానని మీతో అనను. వంకర చొక్కా చేతిలో పట్టుకొని లేచాను.

“మిషిన్ ఆపు.”

“ఏం లేదక్కా. నువ్వు పోయి కూసో,” అంది పళ్ల మధ్య నుంచి.

“ఆపుమన్న!”

ఆపింది. ఆ ఒక్క మిషన్‌తో పాటు హాలంతా ఆగిపోయింది. చొక్కా తీసుకెళ్లి సేటు ముందు పెట్టాను.

“సేటూ, ఈ కాలర్ సూడున్రి.”

“వంకర వోయింది.”

“ఈమె చెయ్యి వంకర వోదు. ఉక్కపోస్తుంది ఈమెకు. కండ్లు తిరుగుతున్నయ్. మీ ముంగట చెప్తలేదు.”

“సల్లగుందన్నది గద ఇప్పుడు?”

“షెడ్డుకు తోలుతరని అన్నది.”

మేనేజరు కళ్లు మూసుకున్నాడు. కాలర్లామె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కన్నతల్లే పట్టిచ్చినట్టు చూసింది. అప్పుడే నాకు ఒకటి తట్టింది. నేను ఆమె పక్కన నిలబడి ఉన్నాను, నా కొంగు కదలడం లేదు. తల ఎత్తి చూస్తే స్తంభం మీది ఫ్యాన్ ఆగిపోయి ఉంది.

“ఫ్యాన్ ఎవరు బంద్ జేసిన్రు?”

“నేనే,” అంది నెమ్మదిగా. “బక్రం ముక్కలు ఎగురుతున్నయక్కా. సేటు ముంగట నేల మీద వడితే మంచిగుంటదా? డబ్బాలు వెట్టొద్దన్నరు గద.”

హాలు అవతలి చివర నుంచి కాజాలామె గొంతు లేచింది. “సార్! మీ శుభ్రం మమ్ముల సంపేటట్టుంది!”

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు, “అయ్యో, నేను... అలా అనుకోలేదండీ,” అంటూ తనే వెళ్లి నీళ్ల బాటిల్ తెచ్చాడు. ఆమె తాగింది. నేను నా బల్ల దగ్గరికి వెళ్లాను. బల్ల కింద రేకు డబ్బాలో అరిగిన కత్తెరలు ఉన్నాయి. షెడ్డు నుంచి తెచ్చి దాచినవే. రెండు తీసుకొచ్చి బక్రం ముక్కల మీద పెట్టాను. ఫ్యాన్ స్విచ్ వేశాను.

గాలి వచ్చింది. ఆమె ముంగురులు ఎగిరాయి. సేటు జుబ్బా కాలర్ కూడా ఎగిరింది. అప్పటిదాకా ఆయన కూడా మెడ తుడుచుకుంటూనే ఉన్నాడని నేను అప్పుడే గమనించాను. రుమాలు జేబులో పెట్టుకొని అట్లాగే కూర్చున్నాడు. ఆమె కాసేపు కళ్లు మూసుకొని ఉంది. తర్వాత మొహం కడుక్కొని వచ్చి మిషన్ తొక్కింది. సేటు లేవలేదు. ఇంకా కూర్చున్నాడు. నా బల్ల మీదికి చొక్కాలు వస్తున్నాయి. కొసలు సరిగ్గా ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ ఆయనకు కనిపించేట్టు పైకెత్తి చూసి పక్కన పెట్టాను. ఆ మాత్రం తెలివి నాకు ఉంది.

లేచే ముందు అడిగాడు. “ఏసీ ఎంత మీదుంది?”

“జేబు కింద ఉంది. మీరే సూసుకోన్రి.”

స్టూలు ఎక్కి జేబు గుడ్డ ఎత్తి చూశాడు. చూసి మళ్లీ దాన్ని జాగ్రత్తగా అతికించాడు. “రేపు పొద్దుగాల చెప్త,” అని వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్టాప్ దాకా నేనూ కాలర్లామె కలిసే నడిచాం.

“ఎందుకు చెప్పినవక్కా? ఇంకో గంట ఓర్సుకుంటే అయిపోతుండె.”

“పడితే?”

“పడితే పడేదాన్ని.”

“పడితే నీ కాలర్లు ఎవరు కుడ్తరు, నేను కుడ్తనా? నా కుట్టు నేనే పాస్ చెయ్య.”

ఆమె నవ్వలేదు. బస్సు వస్తే ఎక్కి, కిటికీ వైపు కాకుండా అవతలి వైపు కూర్చుంది. నేను తప్పు చేశానని ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోవడం లేదు. కానీ ఇంటికి వెళ్లి కలుపుకున్న అన్నం అట్లాగే పక్కన పెట్టేశాను. కొడుకు ఏసీ వేశాడు. నేను లేచి, అలవాటుగా ఫ్యాన్ స్విచ్ మీద చేయి పెట్టి, ఆపకుండా వచ్చి కూర్చున్నాను. వాడు నా మొహం వైపు అనుమానంగా చూశాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి హాలు కింద ట్రాలీ ఆటో ఆగి ఉంది. ట్రాలీ పిలుస్తానన్నాడు, పిలిచాడు. డ్రైవరు తాళ్లు విప్పుతున్నాడు. మేనేజరు ఇంకా రాలేదు. అన్నోజిగూడ బస్సు దిగి కాలర్లామె వచ్చింది. ట్రాలీని చూసింది. టిఫిన్ సంచి గుండెకు పట్టుకొని గేటు దగ్గరే నిలబడిపోయింది.

డ్రైవరు మమ్మల్ని చూసి, “యూనిఫాంల వాళ్లు మీరేనామ్మా?” అన్నాడు. “నాచారం షెడ్డుకెల్లి సామాన్ తెచ్చిన. సేటు పంపిండు. ఎక్కడ దించాలె?”

“ఎక్కించాల్నా, దించాల్నా?” అన్నాను.

“దించాలె. షెడ్డు ఖాళీ చేసిండు గద. తాళంచెవి రాత్రే ఓనరుకు ఇచ్చిండట.”

ట్రాలీ మీద కప్పిన పట్టా ఎత్తి చూశాను. రెండు బెంచీలు, గుడ్డ కోసే పాత బల్ల, గోనెసంచుల్లో నేను చుట్టించిన మిగతా ఫ్యాన్లు ఉన్నాయి. కాలర్లామె సంచి గేటుకు తగిలించి, వచ్చి బెంచీకి ఒక కొస పట్టుకుంది. నేను రెండో కొస పట్టుకున్నాను. మెట్లెక్కుతుంటే వెనక నుంచి, “నిమ్మలంగ అక్కా, నీ నడుము,” అంది. నిన్నటి తర్వాత నాతో అదే మొదటి మాట.

కాజాలామె వచ్చి, ఫ్యాన్లు చూసి, శాలువా మడిచి కుర్చీ మీద దిండులా వేసుకొని కూర్చుంది. నేను ఏసీ ఇరవై ఏడు మీద పెట్టి రిమోట్ బొడ్లో దోపుకున్నాను. కాలర్లామె బక్రం ముక్కల మీద పాత కత్తెరలు పెట్టి, ఫ్యాన్ వేసుకొని, మిషన్ తొక్కింది. కాసేపటికి మొదటి చొక్కా నా బల్ల మీదికి వచ్చింది. కాలర్ కొసలు రెండూ కలిపి చూశాను. సమానంగా ఉన్నాయి. ముందుకు పంపాను.